బర్కస్ చూసివచ్చాను

మా తమ్ముడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బ్రతుకుతున్నాను. గోదావరి ఒడ్డున ఒకే పలక మీద వంతులు వేసుకుని అక్షరాలు దిద్దిన అన్నదమ్ములం. ఇప్పుడు ఒకే హైదరాబాదులో ఉంటూ కూడా నెలకొకసారి కలుసుకోవడం గగనమైపోయింది. మా ఇల్లు ఉప్పల్లో, వాడి ఫ్లాటు గచ్చిబౌలిలో. మధ్యనున్నది ఊరు కాదు, సముద్రమే అనుకోండి.

సంక్రాంతి వెళ్ళిన శనివారం నాడు నేనూ మా ఆవిడా పనిగట్టుకుని బయలుదేరాము. మెట్రోరైలు రాయదుర్గంలో దింపింది. అక్కడ తలెత్తి చూస్తే నా బోటివాడికి మెడనొప్పీ, బెంగా రెండూ ఒక్కసారే పుట్టుకొస్తాయి. అన్నీ అద్దాల మేడలే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ అనే గుండ్రటి మేడకు ప్రారంభోత్సవం జరిగేనాటికి ఈ మాదాపూర్ చుట్టుప్రక్కలంతా బండరాళ్ళే. ఇప్పుడా బండలు దుర్గం చెరువు ప్రక్కన కొద్దిగా మిగిలి, పెళ్ళివారింట్లో పిలవని చుట్టాల్లా ఒదిగి కూర్చున్నాయి.

ఒక్కటి మాత్రం గమనించాను. ఏ మేడ ఎవరిదో చెప్పలేం గాని, ఏ సందులో ఎవరుంటున్నారో హోటళ్ళ బోర్డులు చెప్పేస్తాయి. ఇక్కడ గోదావరి రుచులు, అక్కడ రాయలసీమ రాగిసంకటి, ఆ మలుపులో కేరళ పరోటా, దాని ఎదురుగా బెంగాలీ చేపల కూర. ఒక హాస్టలు గోడమీద ఒడియా వంటమనిషి కావాలని కాగితం. దీన్ని ఐ.టి. నగరం అని పత్రికలు వ్రాస్తాయి. నన్నడిగితే ఇది వలస వచ్చినవాళ్ళ పేట. నేనూ వలసవాణ్ణే గనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆ రాత్రి తమ్ముడు మమ్మల్ని మండీ తినిపిస్తానని తీసుకువెళ్ళాడు. మండీ అంటే ధాన్యం మండీ, మిరపకాయల మండీ తెలుసుగాని, తినే మండీ నాకు క్రొత్త. కుర్చీలూ బల్లలూ లేవు. ఎత్తరుగు మీద పరుపులు, ఆనుకోవడానికి బాలీసులు. నడుమ బండిచక్రమంత పళ్ళెం తెచ్చి పెట్టారు. నిండా అన్నం, దానిమీద మెత్తగా ఉడికిన మాంసం, జీడిపప్పు, కిస్‌మిస్. బిరియానీలా మసాలా ఘాటు లేదు. అందరూ ఆ ఒక్క పళ్ళెంలోనే తినాలి.

"ఏమండీ, అందరూ ఒకే కంచంలోనా?" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది. తమ్ముడి కూతురు మాత్రం ఆనందంతో గంతులు వేసింది. ఆరేళ్ళ పిల్ల. "ఇటు రా తల్లీ, నేను కలిపి పెడతాను" అని మా ఆవిడ అంటే, "నో పెద్దమ్మా, ఐ కెన్ ఈట్ మైసెల్ఫ్" అన్నది.

సగం తిన్నాక తమ్ముడు అసలు సంగతి బయటపెట్టాడు. "అన్నయ్యా, జూన్లో మేం ముగ్గురం న్యూజెర్సీ వెళ్ళిపోతున్నాం."

"ఎన్నాళ్ళకి?"

"చూద్దాం."

ఈ 'చూద్దాం' అనే మాటకు ఏ నిఘంటువులోనూ ఇవ్వని అర్థం ఒకటుంది. తిరిగి రామని. నాకు ముద్ద దిగలేదు. అప్పుడు అనకూడని మాట ఒకటి అన్నాను. "ఇక్కడుండగానే పిల్ల ఇలా మాట్లాడుతోంది. అక్కడికి వెళితే పదేళ్ళకు మన మాట ఒక్కటీ మిగలదు. అమ్మతో మాట్లాడడానికి దుబాసీని పెట్టుకోవలసిందే."

మరదలు తల దించుకుంది. తమ్ముడి ముఖం ఎర్రబడింది. "నువ్వు గోదావరి వదిలి రాలేదా అన్నయ్యా? పుట్టిన చోటనే ఉండిపోయినవాళ్ళు ఎంతమంది? పోయిన ఏడు ఆఫీసు పనిమీద వెళ్ళినప్పుడు న్యూయార్కులో లిటిల్ ఇటలీ అనే పేట చూశాను. మల్బరీ వీధి అని అసలు వీధి. ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకు వచ్చినవాళ్ళు ఒకప్పుడక్కడ కిక్కిరిసి ఉండేవారు. వాళ్ళ పిల్లలు బాగుపడి, మంచి ఇళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడక్కడ మిగిలినవి హోటళ్ళు. 1926 నుంచి ఏటా సెప్టెంబరులో సెయింట్ జెనారో ఉత్సవం చేస్తున్నారు. చైనావాళ్ళ పేట ఆ వీధుల్లోకి జరుగుకుంటూ వచ్చేసింది. ఎవరూ ఏడవడం లేదు."

"ఏడ్చేవాళ్ళు నీకు కనిపించి ఉండరు" అన్నాను.

ఇంతలో ప్రక్క అరుగుమీదనుంచి ఎవరో, "సార్! నమస్తే సార్!" అన్నారు. చూద్దును గదా, నా పాత శిష్యుడు. అతని పేరు ఇక్కడ వ్రాయను గాని, హాజరుపట్టీలో ఆ పేరు ఒక వరుస పట్టేది కాదు. తన పేరు, తరువాత 'బిన్', తరువాత తండ్రి పేరు, మళ్ళీ 'బిన్', తాత పేరు, చివర తెగ పేరు. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటే వాళ్ళు వెనక పెట్టుకుంటారు, అంతే తేడా. ద్వితీయ భాషగా తెలుగు తీసుకున్నాడు. ఛందస్సు అంటే పారిపోయేవాడు గాని మాట చురుకైనవాడు. ఇప్పుడు రాయదుర్గంలో ఏదో కంపెనీలో పని చేస్తున్నాడట.

"సార్, ఇది మండీ కాదు సార్. మండీ లెక్క ఉంటది. అసలు మండీ తినాలంటే మా బర్కస్‌కు రావాలె. రేపు ఆదివారమే గద, రండి" అన్నాడు. అప్పటి నా మనఃస్థితిలో తమ్ముడి ఇంట్లో ఆదివారమంతా కూర్చోవడంకన్నా ఎక్కడికైనా వెళ్ళిపోవడం మేలనిపించింది. సరేనన్నాను.

రాత్రి తమ్ముడి ఇంట్లోనే పడుకున్నాము. అమ్మ కూడా అక్కడే ఉంటోంది, మనవరాలితో ఉన్నన్నాళ్ళు ఉందామని. నిద్రపోయిందనుకున్నాను. పోలేదు. "ఏరా పెద్దాడా, నువ్వు తెలుగు మేష్టరువి గదా. నిజం చెప్పు. ఆ పిల్ల పెద్దదయ్యాక నాతో మాట్లాడుతుందా?" అని అడిగింది.

మారిషస్ ద్వీపానికి 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మనవాళ్ళున్నారు. వాళ్ళ వారసులు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు, రామభజనలు చేస్తారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ఈ సంగతి నేను క్లాసులో ఏటా ఛాతీ విరుచుకుని చెబుతాను. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో మాట్లాడుకునేది క్రియోల్ భాష అన్న రెండో సగం మాత్రం గబగబా దాటవేస్తాను. అమ్మ అడిగిన ప్రశ్నకు ఆ రెండో సగమే జవాబు. "పడుకో అమ్మా, ప్రొద్దుపోయింది" అన్నాను.

ఆదివారం ప్రొద్దున్నే నేనూ మా ఆవిడా రాయదుర్గంలో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర దిగాము. శిష్యుడు అక్కడే కాచుకుని ఉన్నాడు. సిటీ బస్సెక్కాము. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గనుక మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి దర్జాగా కూర్చుంది. డబ్బిచ్చిన నేను నిలబడ్డాను.

హైదరాబాదు పేటల పేర్లు గోకి చూస్తే పరాయి దేశాలు బయటపడతాయి. మూసారాంబాగ్ ఎవరో మూసారాముడిది కాదు. నిజాము కొలువులో సేనానిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్‌ది. మొస్యూ రేమండ్ జనం నోట్లో పడి మూసారాముడయ్యాడు. మాసబ్ ట్యాంకు దగ్గరి ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీల ఆశ్వికదళం నివసించిన చోటు. అలాగే బర్కస్. అది అరబ్బీ మాట కాబోలు అని నేను ఇన్నేళ్ళుగా భ్రమపడుతున్నాను. కానే కాదు. ఇంగ్లీషు 'బారక్స్'. సిపాయిల వరుస ఇళ్ళు.

ఆ సిపాయిలు ఎవరంటే యెమెన్ దేశానికి తూర్పున ఉన్న హద్రమౌత్ అనే లోయ ప్రాంతంవాళ్ళు. వానలు తక్కువ, కలహాలు ఎక్కువ అయిన ఆ గడ్డనుంచి మగవాళ్ళు ఓడలెక్కి జావాకీ, సింగపూరుకీ, తూర్పు ఆఫ్రికాకీ వెళ్ళారు. వర్తకం చేతనైనవాళ్ళు అటు వెళితే, తుపాకి చేతనైనవాళ్ళు చాలామంది ఇటు వచ్చారు. 18వ శతాబ్దం చివరినుంచీ మన దక్కను సంస్థానాల్లో అరబ్బు సిపాయికి గిరాకీ. జీతం ముట్టినంతకాలం ప్రాణమిస్తాడని పేరు. హైదరాబాదులో వీళ్ళను చావూష్‌లనేవారు; ఆ మాట తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు.

వాళ్ళ నాయకులైన జమాదార్ల కథ విని మా ఆవిడకూడా కిటికీలోంచి తల ఇటు తిప్పింది. నిజాము ఖజానా వట్టిపోయినప్పుడు ఈ జమాదార్లే ప్రభుత్వానికి అప్పులిచ్చి తాలూకాలకు తాలూకాలు తాకట్టు పట్టారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగుకు ఆ భూములు విడిపించుకోవడం ఒక పెద్ద పని అయి కూర్చుంది. ఆ జమాదార్లలో ఉమర్ బిన్ అవద్ అల్ కుఅయితీ అనే ఆయన ఇక్కడ గడించిన సొమ్మును స్వదేశం పంపించాడు. ఆయన కొడుకులు దానితో అక్కడ ఒక రాజ్యమే స్థాపించారు. 1881లో ముకల్లా రేవు వాళ్ళ చేతికి వచ్చింది. 1967 వరకూ వాళ్ళు సుల్తానులు. చూశారా? మన రైతు కట్టిన శిస్తు చుట్టూ తిరిగి సముద్రం దాటి సింహాసనమై కూర్చున్నది. ఇప్పుడు డాలర్లు ఇటు వస్తున్నాయని మురిసిపోతున్నాం గాని, ఒకనాడు హైదరాబాదే ఇంకొకరికి అమెరికా.

చార్మినారు, శాలిబండ, అలియాబాదు దాటి, కొండమీది ఫలక్‌నుమాను దూరంనుంచే చూసి, చాంద్రాయణగుట్ట చౌరస్తా మీదుగా బర్కస్ చేరాము. దిగగానే నా కంటబడ్డవి జామపళ్ళ బళ్ళు. బర్కస్ జామ అంటే హైదరాబాదులో పేరున్న సరుకు. ఒకప్పుడు ఈ చుట్టూ తోటలే. ఉర్దూలో జాం, తెలుగులో జామ. ఈ ఒక్క పండు దగ్గర మాకెవరికీ దుబాసీ అక్కరలేకపోయింది. మా ఆవిడ బేరమాడి కిలో కొన్నది.

రెండవది లుంగీలు. పెళ్ళికి వెళ్ళే పెద్దమనిషీ, బడ్డీ దగ్గర టీ త్రాగే కుర్రవాడూ, మోటారుసైకిలు మీద పోయేవాడూ అందరూ గళ్ళ లుంగీలే. పాతబస్తీలో తక్కినచోట్ల ఇలా ఉండదు. "ఇది మా యూనిఫారం సార్" అన్నాడు శిష్యుడు. హద్రమౌత్‌లో మగవాళ్ళు ఇలాగే నడుముకు గుడ్డ చుట్టుకుంటారట. దుకాణాల్లో లుంగీలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. వాటి ప్రక్కన అత్తరు సీసాలు, ఖర్జూరాలు, నల్లటి బురఖాలు. దుకాణాల పేర్ల చివర బావజీర్, యాఫయీ, అమూదీ అని తెగల పేర్లు. పాత సందుల్లో అక్కడక్కడ ఇళ్ళు ఒకే వరుసన, కవాతుకు నిలబడ్డట్టున్నాయి. సిపాయిలు పోయినా ఆ వరుస చెదరలేదు.

శిష్యుడు ముందుగా హరీస్ తినిపించాడు. చలికాలం ప్రొద్దుటి ఫలహారం అది. గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి, పెద్ద కర్రతో ఏది ఏదో తెలియకుండా మెదుపుతారు. అరబ్బీలో 'హరస' అంటే దంచడమట. కారం హరీస్ ఉంది, తీపి హరీస్ ఉంది. తీపిదాని మీద నెయ్యీ పంచదారా వేసి ఇచ్చారు. మా ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కాస్సేపు ఆలోచించి, "గోధుమరవ్వ పాయసానికి దిష్టి తీసినట్టుంది" అన్నది. తరువాత మొత్తం తిన్నది. రంజాను నెలలో హైదరాబాదంతా ఎగబడి తినే హలీమ్‌కు తల్లి ఈ హరీసే. పప్పులూ మసాలాలూ చేర్చి మనవాళ్ళు దాన్ని ఇక్కడిదాన్ని చేసుకున్నారు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే తల్లి ఇప్పటికీ వలసదారు. బిడ్డకు పౌరసత్వం వచ్చేసింది.

మండీ వండేచోటు కూడా చూపించాడు. నేలలో గుంటలాంటి భట్టీ. అడుగున బియ్యం గిన్నె, పైన మాంసం వ్రేలాడదీసి మూత బిగిస్తారు. మాంసం రసం బొట్టుబొట్టుగా అన్నంలోకి దిగుతుంది. మండీ అన్న మాట అరబ్బీలో తేమకు, మంచుకు సంబంధించినదట. మన కవులకు ఈ వంట తెలిసి ఉంటే ఎన్ని పద్యాలు చెప్పేవారో!

తరువాత వాళ్ళింటికి తీసుకువెళ్ళాడు. ఆడవాళ్ళు మా ఆవిడను లోపలికి తీసుకుపోయారు. నేను ముందుగదిలో వాళ్ళ తాతగారి ఎదుట కూర్చున్నాను. ఎనభై నాలుగేళ్ళు. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, భుజం మీద తువ్వాలు. గోడమీద ఒక పాత క్యాలెండరు బొమ్మ. ఎడారి నడుమ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఎత్తైన మేడలు. మట్టి మేడలట! షిబామ్ అనే ఊరు. 16వ శతాబ్దం నాటి ఆరేడు అంతస్తుల మట్టి ఇళ్ళున్న ఆ ఊరిని యునెస్కోవారు 1982లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ముందురోజు అద్దాల మేడలు చూసి మెడనొప్పి తెచ్చుకున్నవాణ్ణి, ఆ బొమ్మను తదేకంగా చూస్తూ ఉండిపోయాను.

"మీరు ఎప్పుడైనా వెళ్ళారా?" అని అడిగాను, నాకు వచ్చిన ఉర్దూలో. ఆయన నవ్వి లేదన్నారు. ఆయన మాట శిష్యుడు తెలుగు చేసి చెప్పాడు. ఆయన తండ్రి నిజాము క్రమేతర సైన్యంలో సిపాయి. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17కల్లా ముగిసింది. ఐదు రోజుల్లో కొలువు పోయింది. అరబ్బుల్ని ఎందరినో ఓడలెక్కించి ఏడెన్ రేవుకు పంపించేశారు. ఈయన చిన్నాన్న అలా వెళ్ళిపోయాడు. తండ్రి మాత్రం ఉండిపోయాడు. భార్య మహబూబ్‌నగర్ వైపు పల్లెపడుచు. సముద్రం దాటనని మొండికేసిందట. సిపాయి తుపాకి దించి జామపళ్ళ బండి పట్టుకున్నాడు. అప్పటికి ఈయనకు ఎనిమిదేళ్ళు.

శొంఠి వేసిన ఘావా తెచ్చారు. చిన్న గిన్నెలవంటి కప్పులు. త్రాగుతూ నేను అసలు ప్రశ్న అడిగాను. "మీకు అరబ్బీ వచ్చునా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "నమాజు వరకు" అన్నారు చివరకు. "మా నాన్న అరబీలో తిట్టేవాడు. మా అమ్మ ఉర్దూలో జోకొట్టేది. జోకొట్టిన భాషే నిలిచింది."

నేను తెలుగులో ఎం.ఏ. చదివాను. భాషాశాస్త్రం పేపరుకు లావుపాటి పుస్తకాలు తిరగేశాను. భాషలు ఎలా పోతాయో, ఎలా నిలుస్తాయో ఇంత సూటిగా చెప్పిన వాక్యం వాటిలో తగిలినట్టు గుర్తులేదు.

డెబ్భైల్లో గల్ఫు తలుపులు తెరుచుకున్నప్పుడు ఈయన కూడా సౌదీ వెళ్ళి కారు నడిపారు. తాతల గడ్డ ప్రక్కనే గదా, తమవాళ్ళలో కలిసిపోతామనుకున్నారు. వాళ్ళు ఈయన్ను 'హిందీ' అన్నారు. "ఇక్కడ మేము అరబ్బులం. అక్కడ హిందీలం. విమానంలో ఉన్న నాలుగు గంటలు మాత్రం ఏమీ కాదు" అని పెద్దగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా తమ్ముడి కూతురు గుర్తుకు వచ్చింది.

ఆయన్ను ఓదార్చాలని గాని, నన్ను నేనే ఓదార్చుకోవాలని గాని, మా తెలుగులో ఉన్న అరబ్బీ మాటలు లెక్క చెప్పడం మొదలుపెట్టాను. హాజరు, జవాబు, తారీఖు, ఖర్చు, వసూలు, మామూలు, దుకాణం, అసలు. ఇవి బర్కస్ సిపాయిలు తెచ్చినవి కావు. వాళ్ళకు ముందే ఫారసీ, ఉర్దూల వెంట కచేరీల్లోకి వచ్చి అక్కడనుంచి మన వంటిళ్ళలో దూరాయి. అయినా విచిత్రమే. గోదావరి దాటి చూడని మా అమ్మ ప్రొద్దున లేచినప్పటినుంచి ఎన్ని అరబ్బీ మాటలు వాడుతుందో! "అసలు ఖర్చు ఎంతయిందిరా?" అంటే సగం అరబ్బీయే. ఆయన ఒక్కొక్క మాటకీ తల ఊపుతూ, "ఇది మాది, ఇదీ మాదే" అని వ్రేళ్ళు మడిచారు. దుకాణం దగ్గరికి వచ్చేసరికి, అది ఫారసీవాళ్ళ దగ్గరినుంచి అరబ్బీకి వచ్చిందంటారని చెప్పవలసి వచ్చింది. ఒక వ్రేలు తిరిగి విప్పారు.

లేవబోతుంటే శిష్యుడి ఫోను మ్రోగింది. ముకల్లానుంచి గొంతు సందేశం. 1948లో ఓడెక్కి వెళ్ళిపోయిన చిన్నాన్న మనవడు అప్పుడప్పుడూ పంపుతుంటాడట. శిష్యుడు ఫోను తాతగారి చెవి దగ్గర పెట్టాడు. అరబ్బీలో ఎవరో గబగబా మాట్లాడుతున్నారు. "నాకు సగం అర్థమైతది సార్. ఖురాను చదవడం వేరు, ఈ మాట్లాడేది వేరు" అన్నాడు శిష్యుడు మెల్లగా. పెద్దాయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ విన్నారు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"తెలియదు. గొంతు మాత్రం మా చిన్నాన్నదే" అన్నారు.

తిరుగు బస్సులో మా ఆవిడ లోపలి సంగతులు చెబుతూనే ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో మర్ఫా వాయిద్యం పెట్టిస్తారట. డప్పులమోత వింటే పక్షవాతం వచ్చినవాడైనా అడుగు వేస్తాడట. కోడలు పిల్ల ఇంటర్మీడియేటులో తెలుగు చదివిందట. హరీస్ ఎలా చేయాలో కాగితం మీద వ్రాసి ఇచ్చిందట. నేను ఊ కొడుతున్నానే గాని, నా చెవిలో ఆ ముకల్లా గొంతే ఉంది.

సాయంత్రానికి గచ్చిబౌలి చేరాము. తమ్ముడు తలుపు తీశాడు. "తప్పుగా మాట్లాడానురా" అన్నాను గుమ్మంలోనే. "నువ్వెప్పుడు సరిగా మాట్లాడావు గనుక" అని జోళ్ళు ప్రక్కకు జరిపాడు. మా ఇద్దరి మధ్యా రాజీలు చిన్నప్పటినుంచీ ఇంతమాత్రమే.

అమ్మ మంచంమీద కూర్చుని ఉంది. పిల్ల ఆమె ఒడిలో తలపెట్టుకుని ఫోను చూస్తోంది. రాత్రి ఎగవేసిన జవాబు ఇప్పుడు ఎగవేయబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మాట పోయింది, వంట ఉంది, లుంగీ ఉంది, పేరు ఉంది, గొంతు గుర్తుంది అని. జోకొట్టిన భాష సంగతి కూడా చెప్పాను. మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

అమ్మ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "వంట ఉందన్నావుగా. ఒక నోటుపుస్తకం తీసుకురా. నేను చెబుతాను, నువ్వు వ్రాయి" అన్నది.

"తెలుగులో వ్రాస్తే దానికి చదవడం రాదు గదమ్మా" అన్నాడు తమ్ముడు.

"నీకు వచ్చునుగా. చదివి దానికి వినిపించు. రోజుకొకటి."

అలా మొదలుపెట్టాము. ముందు పులిహోర. అమ్మ చెబుతుంటే నేను వ్రాస్తున్నాను, మరదలు మధ్యమధ్య ప్రశ్నలు వేస్తోంది. పిల్ల ఫోను ప్రక్కన పెట్టి, "నానమ్మా, ఇంగువ అంటే?" అని అడిగింది. అమ్మ లేచి వెళ్ళి డబ్బా తెచ్చి వాసన చూపించింది. పిల్ల ముక్కు మూసుకుని పారిపోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వాసన చూసింది.

రాత్రి పదకొండింటికి చింతపండు దగ్గర పని ఆగిపోయింది. ఎంత అని అడిగితే "నిమ్మకాయంత" అంటుంది అమ్మ. "న్యూజెర్సీలో నిమ్మకాయ ఎంతుంటుందో!" అన్నది మా ఆవిడ. తమ్ముడు, అక్కడ ఇప్పుడు పగలేగదా అని, తన స్నేహితుడికి ఫోను చేసి నిమ్మకాయ కొలత అడుగుతున్నాడు.